నాలుగు వేళ్ల సందు

మా మరిది మట్టయ్య ఎవరి మాటా నమ్మేవాడు కాదు. నేను మట్టయ్యను నమ్మేదాన్ని కాదు. సూర్యాపేటలో లారీలు ఆగే చోట అతని కమాన్ల షెడ్డు, నా చాయ్ కొట్టు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక్క రేకు అడ్డం. అటు మాట ఇటు వినిపించేది. వినిపించనప్పుడే నాకు అనుమానం.

కమాను అంటే బండి వెనక ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట. లారీ అయినా జీపైనా మట్టయ్యకు ఒకటే కొలత. బండి నిండా మనుషులను ఎక్కించి, చక్రానికీ పైన మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా దూర్చేవాడు. "ఖాళీ బండి చెప్పేదంత అబద్ధమే. నింపి అడగాలె" అనేవాడు. టేపు కొన్నాడు గానీ అది మేకుకు వేలాడుతూనే తుప్పు పట్టింది.

పని అయ్యాక, ఊడదీసిన పాత పట్టీలను గోనెసంచిలో చుట్టి ఇంటికి పట్టుకుపోయేవాడు. వాటితో కొడవళ్లు కొట్టిస్తారని లోకమంతా ఎరుగును. ఎవరి సొమ్ముతో ఎవరికి కొడవళ్లు అని ఒకసారి అడిగాను.

"నీ కత్తిపీట దేంతోని జేసిండ్రో అడిగినవా వదినె?" అన్నాడు. నోరు మూయించడం బాగా వచ్చు.

తొంభై ఒకటి ఎండాకాలంలో ధన్‌సింగ్ పంచాయితీ వచ్చింది. చివ్వెంల పక్క తండా మనిషి. పొద్దున్నే సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు జీపు తోలేవాడు. ఆ ట్రిప్పు మీదే అతని ఇల్లు గడిచేది. కోదాడ నుంచి సైదులు అనే ఆయన అలాంటి జీపే తెచ్చి అదే వేళకు పెట్టాడు. జనాన్ని చెరో చెయ్యీ పట్టి గుంజడం చూడలేక డ్రైవర్లంతా కలిసి పందెం పెట్టారు. కాలువ పక్కన రోడ్డు తిన్నగా ఉన్నచోట, ఒక్కో జీపులో ఎనమండుగురితో, నిలబడ్డ చోటు నుంచి లేచి ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా. ఓడినవాడు పొద్దుటి ట్రిప్పు వదులుకోవాలి.

ధన్‌సింగ్ ఎక్కడినుంచో రెండు వెడల్పు టైర్లు తెచ్చి షెడ్డు ముందు పడేశాడు.

"మట్టన్నా, ఎనక ఇవి ఎక్కియ్యి. కమాన్లకు రెండేసి పట్టీలు ఎక్కువ ఎయ్యి. బండి ఎనక్కి కూసోవద్దు."

"జర కూసోవాలె. కూసుంటేనే చక్రం రోడ్డును పట్టుకుంటది. గట్టిగ బిగిస్తె కప్ప లెక్క ఎగురుతది."

"తోలేది నువ్వా, నేనా?"

"నువ్వే. ఎగిరేది గూడ నువ్వే. ఇయ్యాల బండి ఈడ ఇడిసిపెట్టు."

ధన్‌సింగ్ అటు పోగానే ఇటు సైదులు వచ్చాడు. నాకు చాయ్ చెప్పి, తాగకుండానే షెడ్డులోకి దూరాడు. రేకుకు చెవి పెట్టాను. ఒక్క ముక్క వినబడలేదు. మంచి మాటకు గొంతు తగ్గించాల్సిన పనేముంది?

తెల్లారి చూద్దును కదా, ధన్‌సింగ్ జీపుకు పాత టైర్లే ఉన్నాయి. పట్టీలు పెరగడం మాట అటుంచి, ఒక్కో వైపు ఒకటి తగ్గింది. గోనెసంచి ఇంటికి చేరింది. కడుపులో మాట కడుపులో ఉంచుకునే రకం కాదు నేను. ధన్‌సింగ్ రాగానే చెప్పాను.

"నిన్న సైదులు వచ్చిపోయిండు. తెల్లారెటాలకు నీ పట్టీలు పోయినయ్. నేనేమంటలేను బిడ్డా, నువ్వే సమజ్ చేస్కో."

అతను నేరుగా షెడ్డులోకి పోయాడు. "ఎంతకు అమ్ముడువోయినవ్ అన్నా? నా ట్రిప్పు పోతే నా పిల్లలు ఏం తినాలె?"

మట్టయ్య నా వైపు తిరిగాడు.

"వదినె, జీపెక్కు."

"నేనెందుకురా?"

"అనుమానం గూడ బరువే గద. ఎక్కినంకనే సూడాలె."

ముందు ధన్‌సింగ్ అడిగినట్టే వెడల్పు టైర్లు, ఎక్కువ పట్టీలు వేశాడు. మడ్‌గార్డు లోపల, కమాను పక్కన తడి సున్నం పూశాడు. ఎనమండుగురం ఎక్కి, కల్వర్టు దిబ్బ మీదుగా పోయి వచ్చాం. నా నడుము నాది కాకుండా పోయింది. దిగి చూస్తే టైర్ల లోపలి పక్క తెల్లగా సున్నం. పైన జానెడు సందు ఉంది గానీ, పక్కన కమానుకు రాసుకుంటోంది.

తర్వాత తన లెక్క ప్రకారం మార్చి మళ్లీ సున్నం పూశాడు. అదే ఎనమండుగురం, అదే దిబ్బ. మధ్యలో గుడ్డతో తుడుస్తాడేమోనని ఈసారి నేను వెనక కూర్చుని టైరు మీద నుంచి చూపు తీయలేదు. సున్నం పూసింది పూసినట్టే ఉంది. ధన్‌సింగ్ వంగి నాలుగు వేళ్లు దూర్చాడు. సరిగ్గా పట్టాయి. వెడల్పు టైర్లను షెడ్డు మూలకు దొర్లించాడు.

పందెం నాడు సైదులు జీపు తేలు కొండి ఎత్తినట్టు వెనక ఎత్తుకుని వచ్చింది. వెడల్పు టైర్లు, మందంగా పట్టీలు. జెండా ఊపగానే అది ఉన్నచోటే మూడుసార్లు ఎగిరింది. ధన్‌సింగ్ జీపు కొంచెం వెనక్కి కూర్చుని లేచిపోయింది. సగం దారిలో సైదులు బండి నుంచి రబ్బరు కాలిన వాసన. రెండో రాయి దగ్గర ధన్‌సింగ్ దిగి బీడీ ముట్టించేదాకా సైదులు రానే లేదు.

సాయంత్రం సైదులు నా కొట్టు ముందు, చాయ్ తాగుతున్న మట్టయ్య పక్కన కూలబడ్డాడు.

"మట్టయ్యా, పట్టీలు పెంచొద్దు, టైర్లు మార్చొద్దని ఆ రోజు షెడ్డులో నువ్వు చెప్పింది నిజమేనన్నమాట. ధన్‌సింగ్ మనిషివి గదా, నన్ను ఓడించడానికి చెప్తున్నావనుకుని అంతా తిరగేసి చేయించా."

"ఇద్దరికి ఒక్కటే చెప్పిన. జీపులు ఒక్కతీరువే గద" అన్నాడు మట్టయ్య, నన్ను చూస్తూ.

నేను గ్లాసులు కడగడంలో పడ్డాను. కానీ ఊరుకోలేక అడిగాను. "మరి ఆ గోనెసంచి?"

నన్ను తన ఇంటికి తీసుకుపోయి మూట విప్పాడు. పట్టీల మీద సున్నంతో ధన్‌సింగ్ పేరు రాసి ఉంది. వడ్ల బస్తాలు మోసే రోజు వస్తే మళ్లీ ఎక్కించాలట. కింద ఇంకెవరెవరివో పేర్లున్న పట్టీలు. అడుగుదాకా విప్పమని అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

తొంభై ఎనిమిదిలో చేతులు వణకడం మొదలై మట్టయ్య షెడ్డు మూసేశాడు. నేను ఇప్పటికీ జీపు ఎక్కే ముందు, మనుషులు నిండాక, చక్రం మీద వేళ్లు పెట్టి చూస్తాను. మట్టయ్య వేళ్లు లావు, నావి సన్నం. అందుకని ఐదు పెడతాను.