పువేబ్లాలో ముందు కొట్టింది నేనే

మెక్సికో వెళ్ళినప్పుడు పువేబ్లా పాత ఊరి నడిబొడ్డున దిగుదామన్నది మా ఆవిడ. స్పెయిన్ వాళ్ళ కాలంనాటి ఇల్లు. మన మండువా లోగిలిలా నడుమ ఆకాశం, వీధి వైపు ఇనుప కమ్మీల బాల్కనీ. నేను ఊరి బయట కొత్త హోటల్ అన్నాను.

"అంత దూరం వెళ్ళి మళ్ళీ బ్యోబ్లింగెన్‌లోనే పడుకుంటామా?" అని నవ్వింది. జర్మనీలో మేముండే ఊరది.

తిరిగొచ్చాక ఇక్కడి మిత్రులకు దొంగలు మీదపడ్డారని చెప్పాను. ఈవిడ మాట విని పాత ఊళ్ళో దిగినందుకు పక్కటెముక విరిగిందన్నాను. "అక్క బుకింగ్ చేస్తే హెల్మెట్ కొనుక్కోవాలి" అని వాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. ఆమె నా మాటను ఒక్కసారీ కాదనలేదు.

జరిగింది వేరు. ఆదివారం తెల్లవారుతుండగా బాల్కనీ కిందే తారాజువ్వలు పేలాయి, వెంటనే బాజాలు. పక్క చర్చిలో పండుగట. ఆదివారం గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్ళు తలుపు తట్టే దేశంలో ఏళ్ళ తరబడి బతికినవాణ్ణి. చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా దిగి, "రూహె! రూహె!" అని జర్మన్‌లో అరిచాను, నోరు మూసుకోమని. అందరూ నవ్వారు. ట్రంపెట్ ఊదుతున్న ముసలాయన సరదాకి నా చెవి దగ్గరకొచ్చి ఇంకాస్త గట్టిగా ఊదాడు.

ఆయన నోట్లో ఉండగానే ట్రంపెట్ మీద అరచేత్తో కొట్టాను, ఉన్న బలమంతా పెట్టి. ఇత్తడి పళ్ళకు తగిలిన చప్పుడు డోళ్ళ మోతలోనూ వినిపించింది. పై పెదవి చీలిపోయింది. ఒక పన్ను రాళ్ళ మీద పడింది. ఆయన నోరు పట్టుకుని కూలబడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. నేను అప్పుడూ ఆగలేదు. ట్రంపెట్ లాక్కుని, వంగిపోయేదాకా గోడకేసి బాదాను.

ఆ తర్వాతే నన్ను కొట్టారు. డోలు కర్రలతో, బూట్లతో. పక్కటెముక విరగడం లోపల్నుంచి వినిపించింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి నా మీద పడింది. ఆమె వీపు మీద ఒక కర్ర దెబ్బ పడగానే అందరూ ఆగిపోయారు. ఆమె లేచి, నన్నక్కడే వదిలి, తన చున్నీతో ముసలాయన నోరు అదిమిపట్టింది.

ఆయన మళ్ళీ ఊదగలిగాడో లేదో కనుక్కోకుండానే ఫ్రాంక్‌ఫర్ట్ విమానం ఎక్కాను.

మొన్న భోజనాల దగ్గర, పువేబ్లా వెళ్ళబోతున్న ఒక కొత్త జంటలో అమ్మాయి మా ఆవిణ్ణి అడిగింది. "ఎక్కడ దిగమంటారక్కా? బావగారి కథ విన్నాక సెంటర్ అంటే భయంగా ఉంది."

మా ఆవిడ గరిటె పట్టుకుని నా వైపు చూసింది.

"దొంగలెవరూ లేరమ్మా," అన్నాను. "ముందు నేనే కొట్టాను. ఒక ముసలాయన్ని."

"జోకా బావగారూ?"

"జోకు కాదు," అంది మా ఆవిడ. ఆ అమ్మాయికి ఇంకాస్త పప్పు వడ్డించింది. "బాల్కనీ గదే తీసుకోండి. పొద్దున్నే బాజాలొస్తే కిందికి వెళ్ళండి. పై పెదవి మీద కుట్ల మచ్చ ఉన్న ఒకాయన ఇంకా ట్రంపెట్ ఊదుతున్నాడేమో చూసి నాకు చెప్పు."