నూట ఎనిమిది మైళ్ల దగ్గర

మా ఆవిడ ఆఫీసువాళ్లకు నేనొక కాలక్షేపం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఆమెకు ఉద్యోగం. ఆదివారం పూట ఎవరో ఒకరు కొత్తగూడలో మా అద్దె ఇంటికి టిఫినుకు వచ్చేవారు. ఇడ్లీ నములుతూనే రెండంకెల హెచ్చవేతలు నా మీదికి విసిరేవారు. నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి. "మా ఆయనుండగా కాలిక్యులేటర్ ఎందుకండీ" అని ఆవిడ మురిసిపోయేది. నేను అంతకు రెండింతలు మురిసిపోయేవాణ్ణి.

ఆ విద్య నాకు గుంటూరు వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో అబ్బింది. అక్కడ జవాబు రాగానే చెప్పకూడదు. ఇంకో దారిలో మళ్లీ చేసి, సరిచూసుకుని, అప్పుడే నోరు విప్పాలి. తొందరపడ్డవాడికి వీపు విమానం మోత మోగేది. ఎంసెట్ నాటికి సరిచూసుకోవడం మాకు ఊపిరి పీల్చడంతో సమానమైంది.

తొంభైల చివర్లో, పంకాల విమానంలో కో-పైలట్‌గా కొన్నేళ్లు చేశాక, నన్ను జెట్ విమానానికి ఎంపిక చేశారు. నాకు జతగా కడప వైపు కుర్రవాడొకడు వచ్చాడు. నాకంటే సర్వీసులో చిన్నవాడు, నన్ను "అన్నా" అనేవాడు. తనూ కొత్తగూడలోనే గది తీసుకున్నాడు. ఇద్దరం నా స్కూటర్ మీద శిక్షణకు వెళ్లేవాళ్లం. చివర్లో సిమ్యులేటర్‌లో పరీక్ష. అది తప్పితే మళ్లీ పంకాల విమానమే. ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

పరీక్షలో మమ్మల్ని బాగా భయపెట్టింది ఒక్కటే. దారి చూపించే కంప్యూటర్ ఆపేస్తారు. దిక్కు చెప్పే ముల్లు, మైళ్లు చెప్పే అంకె, ఈ రెండే మిగులుతాయి. ఎక్కడ దిగడం మొదలుపెట్టాలో మనసులోనే కట్టుకోవాలి. సూత్రం చాలా మోటు. దిగవలసిన ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో హెచ్చవేయాలి. వేగం తగ్గించుకోవడానికి పది మైళ్లు కలపాలి. వెనకగాలి ఉంటే ఇంకాస్త. స్కూటర్ మీద, ఇంకా బండరాళ్లు పగలగొడుతున్న ఆ కొత్త రోడ్డు పొడవునా, వాడు వెనక కూర్చుని అంకెలు ఇచ్చేవాడు, నేను ముందు నుంచి జవాబులు అరిచేవాణ్ణి. ఒక్కటీ తప్పలేదు. అయితే లెక్క తేలేలోగా స్కూటర్ విమానంలా దూసుకుపోదు కదా, ఆ సంగతి నాకు తట్టలేదు.

పరీక్షరోజు ముందు నా వంతు. నేను నడపాలి, వాడు పక్క సీట్లో సాయం. మా ఇన్‌స్ట్రక్టర్ పాతబస్తీలో పుట్టి పెరిగిన పెద్దాయన, వెనక కూర్చుని ఆదేశాలిస్తున్నాడు. స్టేషన్‌కు, అంటే ఆ ముల్లు చూపించే రేడియో కేంద్రానికి, నూట పదిహేను మైళ్ల దూరంలో, ముప్పై అయిదు వేల అడుగుల నుంచి నాలుగు వేలకు దిగమన్నాడు. వెనకగాలి గంటకు యాభై మైళ్లు. రెక్కల మీది బ్రేకులు చెడిపోయాయనుకోమన్నాడు, అంటే ఆలస్యమైతే తొందరగా దిగే దారి లేదు.

ముప్పై ఒక్క మూళ్లు తొంభై మూడు. పది కలిపితే నూట మూడు. గాలికి అయిదు. నూట ఎనిమిది. రెప్పపాటులో వచ్చేసింది. అక్కడితో ఊరుకుంటే నా కథ వేరుగా ఉండేది. కానీ నేను సరిచూసుకోవడం మొదలుపెట్టాను. దిగేకొద్దీ గాలి తగ్గుతుంది కదా, ఎంత తగ్గుతుంది? అసలు మూడేనా, మూడు చిల్లరా?

పక్కనుంచి వాడు మెల్లగా అన్నాడు, "నూట ఎనిమిది వస్తాందన్నా. దిగుదామా?"

"ఉండు" అన్నాను. తల కూడా తిప్పలేదు.

నూట ఏడున్నర అని తేలింది. ఆ మాట పైకి గట్టిగా, గర్వంగానే చెప్పాను. అప్పటికి ముందున్న అంకె నూరు. నిమిషానికి ఎనిమిది మైళ్లు పోయే బండి అది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు విమానం ముక్కు కిందికి వంచాను, వేగం పెరిగిపోయింది. స్టేషన్ మీదికి నాలుగు వేలలో చేరాల్సినవాణ్ణి ఏడు వేలలో చేరాను.

ఇన్‌స్ట్రక్టర్ సిమ్యులేటర్ ఆపాడు. "జవాబు మంచిగనే చెప్పినవ్. గని ఆ జాగ ఎన్కకు పోయింది. ఇగ వాపస్ పోయి దిగుతవా?"

తలకొట్టేసినట్టయింది. లెక్క తప్పి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు. ఒళ్లంతా వేడెక్కి, చెవులు మండాయి. ఆదివారాల ఇడ్లీలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టనిపించింది.

తర్వాత వాడి వంతు. ఇప్పుడు నడిపేది వాడు, సాయం నేను. ఈసారి అంకెలు వేరు, దిగవలసింది తొంభై ఆరు మైళ్ల దగ్గర. నాకు తెలుసు, వాడికీ తెలుసు. తొంభై ఆరు రాగానే వాడి చెయ్యి ఇంజిన్ లివర్ల మీదికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. వాడు నావైపు చూశాడు. నా ముఖం ఇంకా మండుతూనే ఉంది, నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను. వాడు నాకు చెప్పినట్టు నేను వాడికి అంకె చెప్పలేదు. అంకె తొంభై అయింది, ఎనభై ఎనిమిది అయింది. ఆ తర్వాత వాడు దిగడం మొదలుపెట్టాడు. వాడూ నాలాగే చేరవలసినదానికంటే ఎత్తులో చేరాడు.

"నీకు ఎరుకైంది, నేను చూసిన. చెయ్యి గూడ పెట్టినవ్" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. ఈసారి ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "మరి ఎందుకు ఆగినవ్?"

వాడు లేచి నిలబడ్డాడు. "అన్న లెక్క ఇంగా అయిపోలేదేమోనని ఆగినా సార్."

అందులో వెటకారం వెతికాను. ఇసుమంత కూడా దొరకలేదు.