సెమికోలన్ సార్

చెప్పకుండా రజాక్ సార్ తుమ్మడు కూడా. ముందు ప్రకటన, ఆ తర్వాతే పని. ప్రకటన అయ్యాక గాల్లో వేలితో చుక్క, దాని కింద కామా గీసి, "సెమికోలన్" అంటాడు.

మహబూబాబాద్‌లో ఓ కంప్యూటర్ సెంటర్‌లో ఆయన 'సి' ప్రోగ్రామింగ్ నేర్పేవాడు. "ఫంక్షన్ పేరేంది, ఏం తీసుకుంటది, ఏమిస్తది, పైన ఒక్క వరుసల చెప్పి సెమికోలన్ పెట్టుండ్రి. గది డిక్లరేషన్. అది చేసే పని కింద రాయుండ్రి. గది డెఫినిషన్. ప్రోగ్రాం నడక మాత్రం మెయిన్ అనే ఫంక్షన్ కాడనే మొదలైతది."

సార్ జీవితంలో డిక్లరేషన్లకు లోటు లేదు. డెఫినిషన్లే ఆలస్యం. "కూరగాయలు తెస్తా, సెమికోలన్" అని పొద్దున పోయిన మనిషి సాయంత్రం ఉత్త చేతులతో వస్తే, "సెమికోలన్ వండాల్నా?" అని భార్య సఫియా బేగం నిలదీసేది.

గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చే గీతకు ఆ సెంటర్‌లోని మూడో నంబరు కంప్యూటరే లోకం. అప్పుడు బ్యాచంతా కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తున్నారు. తలా ఒక ఫంక్షన్. అది వాళ్ల ఊరి పేరు తెరమీద చూపాలి. మెయిన్ అందరినీ వరుసగా పిలుస్తుంది.

గీత వంతు రాకముందే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. సైకిలో బండో ఉన్నవాళ్లు సెంటర్‌కు పోయారు, గీతకు బస్సే దిక్కు. తండాతో పాటు గీత కూడా గొంతు పోయేలా నినాదాలిచ్చింది. ఆమెకు తెలంగాణ కావాలి, మూడో నంబరు కంప్యూటరూ కావాలి. రోజూ రోడ్డెక్కి బస్సు రాని దారి చూసేది. ఇంటికొచ్చి నోటుబుక్కులో ఫంక్షన్ రాసి, బియ్యం డబ్బా మూత మీద వేళ్లతో టైపు చేసేది.

"ఏందే, మూత వాయిస్తున్నవ్?" అనేది తల్లి మోతీబాయి.

పదిహేను రోజులు రాకపోతే పేరు కొట్టేసి, సీటు ఇంకొకరికివ్వడం సెంటర్ రూలు. గీత వేళ్ల మీద లెక్కపెట్టింది. వేళ్లు చాల్లేదు.

నెల తర్వాత బస్సు నడిచింది. గీత సెంటర్ గుమ్మంలోనే ఆగిపోయింది. మూడో నంబరు ఖాళీగా ఉంది. బస్సులో సీటు ఆపినట్టు కుర్చీలో సార్ దస్తీ వేసి ఉంది.

"వచ్చినవా చెల్లె!" బ్యాచ్‌లోని పోశాలు లేచాడు. "నెల సంది మన ప్రోగ్రాం నడుస్తలేదు. నీ ఫంక్షన్ దొరుకుతలేదని ఒకటే ఎర్రర్. నీ వరుస తీసేద్దామంటే సార్ ఇనడు."

"మెయిన్‌ల పిలిచినం గదరా," అన్నాడు రజాక్ సార్. "పిలిచినంక పేరు కొట్టేస్తమా?"

సెంటర్ ఓనర్ ఆ సీటు సంగతి అడిగినప్పుడల్లా, "డిక్లేర్ అయింది, డెఫినిషన్ బస్సెక్కింది" అని చెప్పాడట. బస్సులే లేని నెలలో!

గీత నోటుబుక్కు తెరిచి నాలుగు వరుసలు కొట్టింది. తెరమీద కేసముద్రం, నెల్లికుదురు, గూడూరు... అన్నిటికీ కింద ఆమె తండా పేరు.

"అందరికీ చాయ్ తెప్పిస్తా." సార్ వేలు గాల్లోకి లేచింది.

"సెమికోలన్!" అని అరిచింది బ్యాచంతా.

చాయ్ ఆ రోజు రాలేదు. గీతకు తొందరేం లేదు. రేపు కూడా బస్సుంది.