ఇరవై ఒక్క కిలోమీటర్ల తగాదా

గిలకలదిండి శోభనాద్రి గారికి మాట్లాడటం రాదు, పోట్లాడటం వచ్చు. నలభై ఏళ్లు మరబోటు నడిపే సరంగుగా సముద్రంతో పోట్లాడారు. ఒడ్డుకొచ్చాక చేపల వేలంపాట పాడేవాళ్లతో, ఐసు తెచ్చిన లారీతో, ఐసు తేని లారీతో పోట్లాడారు. అరవై నాలుగో ఏట బోటు దిగేసరికి మనుషులు కరువై, ఫోనులో వాన పడుతుందని చెప్పే ఆడగొంతుని కూడా "నువ్వెళ్లి చూశావా?" అని నిలదీసేవారు.

ఆ కరువులో ఆయనకు దొరికింది కుసుమ. గిలకలదిండిలోనే పుట్టి, బందరు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. యాభై రెండేళ్లు. షుగరుందని డాక్టరు నడవమంటే నడిచి, నడక చాలక పరుగులోకి దిగిన మనిషి. ఒక తెల్లవారుజామున హార్బరు రోడ్డు మీద వెళ్తుంటే అరుగు మీంచి కేకేశారు.

"ఏమ్మాయ్, ఎవరు తరుముతున్నారు?"

"ఎవరూ లేరు బాబాయ్. ఆరోగ్యం కోసం."

"ఎవరూ తరమకుండా పరిగెత్తే జంతువు భూమ్మీద ఉందా? నిలబడి సమాధానం చెప్పు."

కుసుమ నిలబడలేదు. తగాదా సగంలో ఆగితే ఆయనకు అన్నం సహించదు. లుంగీ ఎగ్గట్టి వెంటపడ్డారు. ఆ రోజు కరెంటు స్తంభం దాకా, మర్నాడు వంతెన దాకా. తేలని ఆ తగాదా కోసమే ఆరు నెలలకల్లా రోజుకు పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తే స్థితికి వచ్చారు. హైదరాబాదు హాఫ్ మారథాన్‌కి కుసుమ పేరిస్తే, "మాట తేలకుండా ఊరు దాటిపోదామనా?" అంటూ తన పేరూ ఇచ్చారు.

కుసుమకు ఒళ్లు మండిపోయింది. ఈ పరుగు ఆమెకు సరదా కాదు. కిందటేడు ఇదే పరుగులో పదిహేడో కిలోమీటరు దగ్గర కూలబడితే, వెనకబడ్డవాళ్లను ఏరుకొచ్చే బస్సు ఎక్కించారు. అప్పట్నించీ స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు జయకృష్ణ, "మేడమ్, ఈసారి కిటికీ పక్క సీటు ముందే చెప్పుకోండి" అంటూనే ఉన్నాడు. మూడు గంటల్లో గీత దాటాలి. లేదంటే మళ్లీ ఆ బస్సు, మళ్లీ ఆ నవ్వు. మధ్యలో ఈయనొకరు.

హైదరాబాదులో, చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితాలిచ్చే చోటే ఆయన మొదలుపెట్టారు.

"ఇరవై ఒక్క కిలోమీటర్లేగా?"

"పైన ఇంకో తొంభై ఏడు మీటర్లుంటాయి సర్," అంది అక్కడి అమ్మాయి.

"చేపలకి కొసరేస్తారు, ఎరుగుదును. పరుక్కి కొసరేంటమ్మా? నేనడిగానా?"

వెనక వందమంది వరస. కుసుమ ఆయనెవరో తెలియనట్టు గోడకేసి చూస్తూ నిలబడింది.

పరుగు రోజు చీకటితోనే వేదిక మీద ఒకడు పాటపెట్టి అందరిచేతా గెంతులు వేయిస్తున్నాడు. "పరిగెత్తడానికి పిలిచి గెంతమంటాడేంటి వీడు? ఉన్న ఓపిక ఇక్కడే ఒంపేస్తే దార్లో వీడిస్తాడా?" అని శోభనాద్రి గారు చేతులు కట్టుకు నిలబడ్డారు. ఆయన్ని చూసి పక్కనున్న పదిమందీ గెంతడం మానేశారు.

పదహారో కిలోమీటరు, ఫ్లైఓవరు. కుసుమ పిక్కలు పట్టేశాయి. గడియారం రెండు గంటల పది నిమిషాలు చూపిస్తోంది. రోడ్డు వారనున్న పిట్టగోడకు చేరగిలబడింది. ఇక బస్సే, అనుకుంది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు. మంచినీళ్లిస్తారేమో అనుకుంది.

"మీ అమ్మ పార్వతి తొమ్మిదో నెల కడుపుతో చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు దాకా నడిచింది. ఉత్త కాళ్లతో. నువ్వేమో ఆ బూట్లేసుకుని గోడకి కాపలా కాస్తున్నావు."

"మా అమ్మ ఊసెందుకు బాబాయ్ ఇక్కడ?"

"అవున్లే, ఆవిడ కూతురివని ఎవరు నమ్ముతారు?"

అనేసి ఆయన సాగిపోయారు. చచ్చిపోయిన తల్లిని పట్టుకుని, ఊరుగాని ఊళ్లో, ఇన్ని మాటలా? జవాబు చెప్పకుండా వదిలితే ఆ తల్లికి అవమానం. కుసుమ లేచింది. ఆయన సరిగ్గా ఐదు గజాల ముందు పరిగెత్తుతూ ఆమె పప్పుపులుసును తిట్టారు, ఆమె లెక్కలను తిట్టారు, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు చిల్లర సరిగ్గా ఎంచలేరన్నారు. ఒక్కో మాటకు పది జవాబులు పళ్ల బిగువున పోగేసుకుంటూ ఆమె వెంట పరిగెత్తింది. ఎప్పుడు ఆయన్ని దాటిందో తెలియదు. గీత దాటాక తలెత్తి చూస్తే రెండు గంటల యాభై ఐదు నిమిషాలు.

పోగేసిందంతా కక్కుదామని వెనక్కి తిరిగితే ఆయన లేరు. రెండు నిమిషాల తరవాత ఒక భారీ మనిషి, ముప్పై ఏళ్లవాడు, మొహం జేవురించి, రొప్పుతూ వచ్చి గీత మీద పడ్డాడు. చొక్కా మీద నాగవంశీ అని రాసి ఉంది.

"ఇందాక మీతో పరిగెత్తిన పెద్దాయన మీ మనిషేనా?" అన్నాడు కుసుమతో. "నా మానాన నేను బస్సు కోసం కూర్చుంటే, నా పొట్ట గురించి, నన్ను పెంచినవాళ్ల గురించి... ఆయనకేంటండీ సంబంధం?"

"నన్నూ అలాగే..." అనబోయి కుసుమ ఆగిపోయింది.

బోటులో వల లాగేటప్పుడు చేతులు సడలినవాడి మీద ఎవరూ జాలి చూపించరు. పాపం అన్నారంటే ఉన్న పట్టు కూడా జారిపోతుంది. అందుకని సరంగు వాణ్ణి ఏడు తరాలు ఎత్తి తిడతాడు. కోపమొచ్చినవాడు తాడు వదలడు. రేవులో పుట్టి, ఈ సంగతి చిన్నప్పట్నించీ ఎరిగి ఉండి, ఫ్లైఓవరు మీద తనకు తట్టలేదు. దారిపొడుగునా బాగా పరిగెత్తేవాళ్లను ఆయన ఒక్క మాటైనా అనలేదు.

అల్లంత దూరంలో శోభనాద్రి గారు కుంటుతున్నారు. నూట యాభై మీటర్లు. గడియారంలో ఇంకో రెండు నిమిషాలు. ఆయన్ని తిట్టడానికి పక్కన ఒక్కరూ లేరు. ఆయన ఆగి, మోకాలు పట్టుకున్నారు.

కుసుమ కంచె పట్టుకుని గొంతెత్తింది. "బాబాయ్, ఊరి నుంచి ఫోనొచ్చింది. శోభనాద్రి బోటు నడిపిందెక్కడ, బోటే ఆయన్ని నడిపిందంటున్నారు."

మోకాలు మీంచి చెయ్యి లేచింది. "ఎవడా మాటన్నది?"

"దగ్గరకొస్తే చెప్తాను."

"పేరు చెప్పవే."

"అక్కడికి వినపడదు బాబాయ్, రండి."

ఇరవై సెకన్లు మిగిలుండగా ఆయన వచ్చి గీత మీద నిలబడ్డారు. ఎవరో మెడల్ వేయబోతే తోసేశారు. అన్నవాడి పేరు చెప్పేదాకా అడుగు కదపనన్నారు. వెనకొచ్చేవాళ్లు ఆయనకు గుద్దుకుని ఆగిపోతున్నారు. కార్డు వేసుకున్న కుర్రాడొకడు కుసుమ దగ్గరకొచ్చి, "మేడమ్, ఆ పెద్దాయన్ని కాస్త పక్కకి జరగమనండి," అన్నాడు.

కుసుమ కొంగు బదులు టీషర్టు అంచు బిగించింది.

"ఎందుకు జరగాలి? అంత దూరం రప్పించి, నిలబడటానికి అడుగు చోటివ్వరా? ఎవరయ్యా ఇక్కడ పెద్ద? పిలువు."