విమానం పోయేదాకా ఆలోచించమన్న సుగుణక్క

నిన్న పొద్దున స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ బాక్స్ మూత తీస్తుంటే ఫోన్ వచ్చింది.

సుగుణక్క పోయిందన్నారు.

ఏ సుగుణక్క అని అడిగాను. నాకు తెలిసిన సుగుణక్క ఒక్కతే. అయినా అడిగాను.

గుండెపోటట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ముందు రోజు ఛాతీలో మంటగా ఉందని గ్యాస్ గోళీ వేసుకుని పడుకుందట. పిల్లలు ఏ జవాబు చెప్పినా "ఎందుకు?" అని వెంటపడే మనిషి, తన నొప్పిని మాత్రం ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. శంషాబాద్‌లో మా డిగ్రీ కాలేజీలో అక్క ఫిజిక్స్ చెప్పేది. నాది పక్క ల్యాబ్, కెమిస్ట్రీ. రేపటి పాఠానికి చిన్న వీడియో చేసి, ముందే పిల్లల ఫోన్లకు పంపేది. వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది. జవాబు టైప్ చేస్తేగానీ ముందుకు కదలదు.

అక్క ఇల్లు విమానాలు దిగే దారి కింద. మొదటి వీడియోలో సగం విమానం మోతే. స్టాఫంతా నవ్వాం. కిటికీలు మూసుకుని మళ్లీ చెయ్యమన్నాం. అక్క వింటేగా! ఆ తర్వాత విమానం వచ్చినప్పుడల్లా పాఠం ఆపి, ప్రశ్న సరిగ్గా అక్కడే పెట్టేది.

"విమానం పోయేదాక ఆలోచించుండ్రి. ఆగమాగం కాకుండ్రి."

జవాబులన్నీ చదివే క్లాసుకు వచ్చేది. పేరు చెప్పకుండా ఒక తప్పు జవాబు బోర్డు మీద రాసి, ఈ తప్పు నాకు మస్తు నచ్చింది అని, అక్కడ్నుంచే పాఠం మొదలుపెట్టేది.

మా పిల్లలు చాలామంది చుట్టుపక్కల ఊళ్ల రైతుల పిల్లలు. తప్పు చెప్తే నవ్వుతారని నోరు మెదపరు. రేణుక అనే అమ్మాయైతే హాజరుకు కూడా చెయ్యే ఎత్తేది. ఒకరోజు ఆమె తప్పు బోర్డెక్కింది. క్లాసంతా దాని మీదే కొట్లాట. ఆఖరికి రేణుకే లేచింది.

"అది నేనే రాసిన మేడం."

ఆ రోజు అక్క స్టాఫందరికీ చాయ్ తాగించింది.

ఈరోజు పొద్దున అంత్యక్రియలు. పిల్లలు వచ్చారు. చితి అంటుకుంటుండగా పైనుంచి విమానం పోయింది. మోత ఆగేదాకా అందరూ తలవంచుకుని నిలబడ్డారు.

సోమవారం అక్క క్లాసు నన్ను తీసుకోమన్నారు. ఇంటికొచ్చి చివరి వీడియో తెరిచాను. విమానం దగ్గరికొచ్చేటప్పుడు చప్పుడు ఒక తీరు, దూరం పోయేటప్పుడు ఇంకో తీరు ఎందుకు వినిపిస్తుందని అడిగింది.

అక్క పోయిందని తెలిశాక కూడా పిల్లలు జవాబులు పంపారు. ఎప్పుడూ హోంవర్క్ చెయ్యని బద్ధకస్తులు కూడా పంపారు. చదివే మనిషి లేదని తెలిసీ.

దిగేటప్పుడు ఇంజన్ స్లో చేస్తరు కాబట్టి అని రాసింది రేణుక. తప్పే. దాని కింద ఇంకో లైన్ ఉంది.

"తప్పైతే క్లాసుల చెప్పుండ్రి మేడం."

అక్కా, సోమవారం బోర్డు మీద ఆ జవాబే రాస్తాను. నీలాగా చెప్పడం నాకు రాదు.

పోయిరా సుగుణక్కా. ఇక ఏ ప్రశ్నా లేని చోట హాయిగా నిద్రపో.