గాజుతొట్టిలో రొయ్యల వైద్యం

మా బావమరిదికి రేపల్లె అవతల రొయ్యల చెరువులున్నాయి. అందుకని నీళ్ళలో బతికే ప్రతి ప్రాణీ తన మాట వింటుందని అతని నమ్మకం. తను మాత్రం ఎదుటివాడి మాట రెండు నిమిషాలు నిలబడి వినడు. అలాంటివాణ్ణి సాయం అడిగాను చూడండి, నా తెలివి అక్కడే తెలుస్తోంది.

తెనాలిలో మా హాల్లో నాలుగేళ్ళుగా చిన్న ఉప్పునీటి తొట్టి ఉండేది. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు రెండు. మేత వేసేది మా ఆవిడ. ఆమె అద్దానికి వేలు ఆనిస్తే చాలు, రెండూ వచ్చి అక్కడే తచ్చాడేవి. వాటికి ఇల్లు ఇరుకైందని నాకు తోచింది. మూతపడిన ఓ హోటల్ వాళ్ళు నాలుగడుగుల తొట్టిని చవగ్గా ఇస్తామంటే కొనేశాను. ఆ డబ్బు కోసం పాతదాన్ని బేరం పెడితే, "హాయిగానే ఉన్నాయి కదండీ, ఎందుకండీ ఈ సంబడం?" అంది మా ఆవిడ. నేను పట్టించుకోలేదు.

అంత తొట్టికి సరిపడా నీళ్ళలో కలిపే చేపల ఉప్పు కొనాలంటే గుండె గుభేలుమంది. బావమరిదికి ఫోన్ చేశాను.

"సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొనుక్కుంటారా బావా ఎవరన్నా?" అని పగలబడి నవ్వాడు.

ట్రాలీ ఆటోలో డ్రమ్ములు వేసుకుని బాపట్ల వెళ్ళి, సూర్యలంక ఒడ్డున నీళ్ళు పట్టుకొచ్చాడు. గుడ్డలో వడకడితే ఇసుకతోపాటు చిప్స్ ప్యాకెట్ ముక్క కూడా వచ్చింది. ఉప్పెంతుందో మీటరుతో చూద్దామంటే, వేలు ముంచి నాకి "సరిపోయింది" అన్నాడు. సాంబారనుకున్నాడు కాబోలు. నీళ్ళు కుదురుకునేదాకా ఆగి చేపల్నీ రాళ్ళనీ మార్చాను. పాత తొట్టి కొన్నవాడు పట్టుకుపోయాడు. చేపలు బాగానే తిరుగుతున్నాయి. అక్కడితో ఆగితే అతను మా బావమరిది ఎందుకవుతాడు?

మరుసటి ఆదివారం ఓ క్యాను పట్టుకుని దిగాడు.

"నీళ్ళు ఇట్టా తేటగా ఉంటే లాభం లేదు బావా. కలర్ రావాలి."

రొయ్యల చెరువుల్లో నీళ్ళు రంగు తిరగాలని తవుడూ బెల్లం ఈస్టూ కలిపి ఊరబెట్టి పోస్తారు. దాన్ని వాళ్ళు ముద్దుగా జ్యూస్ అంటారు. మూత తియ్యగానే హాలంతా పులిసిన కల్లు వాసన. చూడ్డానికి పెట్టుకున్న చేపలు కనపడకుండా రంగు దేనికో ఆ మహానుభావుడికే తెలియాలి. బెల్లం నీళ్ళు పడితే చేపలకు ఊపిరాడదని నాకు తెలుసు. "ఇప్పుడెందుకులే" అన్నాను, అదీ గొణిగినట్టు.

"ఎకరాలకి ఎకరాలు పోస్తన్నా, మీ గాజుపెట్టె ఓ లెక్కా?"

రెండు మగ్గులు పోసి, టిఫిన్ తిని, దర్జాగా వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి నీళ్ళు కుడితిలా ఉన్నాయి. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. వెనక్కి వేద్దామంటే పాత తొట్టి లేదు. డ్రమ్ములో మిగిలిన నీళ్ళు బకెట్లో పోసి, గాలి పంపు పెట్టి, అందులో వదిలాం. మా ఆవిడ వంట మానేసి బకెట్ పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి పెద్దది పోయింది. సాయంత్రానికి చిన్నదీ పోయింది.

ఫోన్ చేస్తే ఆ పెద్దమనిషి, "రెండు చేపలకి ఇంత గోలేంటి బావా? మా చెరువులో రోజూ బుట్టెడు పోతయ్యి" అన్నాడు.

నా నోటికి హద్దు లేకపోయింది. అతని చదువునీ చెరువుల్నీ ఏకరువు పెట్టి తిట్టాను. మా ఆవిడ బకెట్ కడుగుతూ అంతా విన్నది.

"మా తమ్ముడికి తెలీదండీ. మీకు తెలుసుగా, ఎందుకు ఊరుకున్నారు?" అంది.

ఆ ఆదివారం నా లెక్క వేరే: వచ్చే నెల నీళ్ళు మార్చాలి. వద్దంటే అలిగి, మళ్ళీ పైసా ఖర్చు లేకుండా డ్రమ్ములతో నీళ్ళు తెచ్చిపెట్టడేమోనని ఊరుకున్నాను. ఆ మాట ఆవిడతో అనలేక, ఆమె తమ్ముణ్ణి ఇంకాసేపు తిట్టాను.