గీత మీద కుర్చీలు

మా డ్రిల్లు మాస్టారు పోయిన వారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆ కబురు ఊళ్ళో సగం ఇళ్ళకు చేరకముందే బస్టాపులో ఫ్లెక్సీ లేచింది. మాది రెంటచింతల దాటాక మాచర్ల బస్సు ఆగీ ఆగకుండా ఆగే ఊరు. అంత చిన్న ఊరికి అంత పెద్ద ఫ్లెక్సీ. అందులో మాస్టారి ముఖం ఒక మూల బొట్టుబిళ్ళంత. మిగతా జాగా అంతా కబడ్డీ టోర్నమెంటు కమిటీ పెద్దలదే. ఒకాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఇంకొకాయన ఫోను చెవిన ఆనించుకుని, అందరూ పళ్ళు కనపడేలా నవ్వుతున్నారు. పెళ్ళిలో దిగిన ఫొటోలు చావుకూ పనికొస్తాయని మా ఊరి పెద్దలు కనిపెట్టారు. కింద ‘పల్నాటి కబడ్డీ పితామహుడు’ అని రాయించారు. ఆయన బతికున్నన్నాళ్ళూ, ఎప్పుడూ ఈల ఊదుతాడని, వీళ్ళు పిలిచిన పేరు ‘ఈలోడు’.

ఆ ఫ్లెక్సీ చూసి మా ఊరి ఆటల చరిత్ర అదేనని ఎవరైనా నమ్ముతారేమోనని ఇది రాస్తున్నాను. నేను ఆయన దగ్గర కబడ్డీ ఆడినదాన్ని. ఇప్పుడు ఊళ్ళోనే బట్టలు కుడతాను. మా అమ్మాయి కూడా ఆయన దగ్గరే ఆడుతోంది. ఆడుతోంది అనే రాస్తాను. ఆడేది అని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు.

మాస్టారిది నడికుడి. మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. మిగతా బళ్ళలో డ్రిల్లు పీరియడంటే లెక్కల మాస్టారు లాగేసుకునే పీరియడు. మా బడిలో ఆ ఆటలు సాగలేదు. లెక్కల మాస్టారు గుమ్మంలో కనపడగానే ఈయన ఈల ఊదేవారు. పిల్లలంతా నవ్వుతుంటే ఆ పెద్దమనిషి వచ్చిన దారినే పోయేవాడు.

బడి వెనక పంచాయతీ స్థలమే మా కోర్టు. మా వైపు ఎండ సంగతి మీరు వినే ఉంటారు. సాయంత్రం ఐదింటికి కూడా ఆ నేల మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. మాస్టారు బోరు కింద బిందెలు నింపించి, మాతోపాటు తనూ మోసి, కోర్టంతా తడిపేవారు. తర్వాత పిడుగురాళ్ళ సున్నం నీళ్ళలో కలిపి గీతలు పోసేవారు. గీత పోశాక దాని మీద ఎవరూ నిలబడకూడదు. ఆట లేనప్పుడైనా సరే. పొలం నుంచి అడ్డదారిన వచ్చే రైతుకైనా, హెడ్మాస్టరుకైనా ఈల పడేది. “ఆ గీత నేను గీసింది కాదయ్యా, ఆట గీసింది. దాటితే దాటు, తొక్కబాక” అనేవారు.

ఆయనకు అన్నింటికంటే అసహ్యం తొడగొట్టడం. మా పల్నాడులో మగపిల్లవాడికి నడక వచ్చిన మర్నాడే తొడగొట్టడం నేర్పుతారు. ఆట వచ్చినా రాకపోయినా అదొక్కటీ వస్తే చాలు. మాస్టారు మాత్రం, “తొడ మీద కొట్టుకుంటే పాయింటు రాదురా. అవతలోళ్ళని ముట్టుకుని ఇవతలికొస్తే వస్తది” అని కోర్టు బయటకు పంపేవారు. అలా బయటకు పోయిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు కమిటీలో ఉన్నారు.

ఆడపిల్లల జట్టు పెడతానన్నప్పుడు మా అమ్మే ముందు గొడవకు వెళ్ళింది. “ఆడపిల్లలు అట్టా మీదబడి లాక్కోవటమేంది మాస్టారూ? రేపు దీన్ని ఎవురన్నా చేసుకుంటారా?” అని అడిగింది.

“దీని పట్టు విడిపించుకోలేనోడు చేసుకుంటాడు లేమ్మా” అన్నారాయన. మా అమ్మ నవ్వు ఆపుకోలేక ఇంటికొచ్చేసింది. మా ఆయనకు ఆ మాట ఇప్పటికీ చెప్పి ఏడిపిస్తుంటాను.

మేమంతా సెలవుల్లో మిరపకోతలకు వెళ్ళేవాళ్ళం. ఆ చేతులతోనే నేరుగా కోర్టుకు వచ్చేవాళ్ళం. ఆ ఘాటు మాకు అలవాటే కాబట్టి దాని మీద మాకు ధ్యాసే ఉండేది కాదు. నరసరావుపేటలో ఫైనల్ ఆడిన రోజు కూడా పొద్దున కోతకు పోయి, అటునుంచటే బస్సెక్కాం. ఆట సగంలో అవతలి పిల్లలు కాళ్ళు పట్టుకుని ఏడుపు. మా చెయ్యి తగిలిన చోటల్లా మంట. వీళ్ళేదో మందు రాసుకొచ్చారని వాళ్ళ కోచ్ రభస చేశాడు. రెఫరీ మా చేతులు వాసన చూసి తుమ్మి, అందర్నీ పంపు దగ్గరకు తోలాడు. మాకు సిగ్గుతో తలలు లేవలేదు. మాస్టారు సబ్బుబిళ్ళ చేతికిచ్చి, “శుభ్రంగా కడుక్కోండమ్మా. మంట చేతుల్లోనే ఉందనుకుంటున్నారు పాపం వీళ్ళు” అన్నారు. కడుక్కుని వచ్చి గెలిచాం.

కప్పుతో బస్సు దిగితే ఎదురొచ్చింది మా అమ్మలే. కమిటీ పెద్దలు ఆ సాయంత్రం మగవాళ్ళ టోర్నమెంటు కోసం దిగిన కిరాయి ఆటగాళ్ళకు కోళ్ళు కోయించే పనిలో ఉన్నారు. కమిటీకి పెద్ద, పత్తిమిల్లు పెద్దాయన. ఆయన ఆఫీసులో అద్దాల బీరువా నిండా కప్పులు ఉంటాయి. మా కప్పు చూసి, “ఆడపిల్లలదా? దీనికిప్పుడు జాగా ఏడుందయ్యా?” అన్నాడు. మాస్టారు కప్పు చంకన పెట్టుకుని వచ్చేశారు. మర్నాడు సాయంత్రం సున్నం బకెట్లో ముంచి గీతలు పోసింది ఆ కప్పుతోనే. “పనిలో ఉంటే దుమ్ము పట్టదు” అన్నారు. అప్పటి నుంచి మా కోర్టు గీతలన్నీ ఆ కప్పుతో పోసినవే.

ఆ బీరువాలోని కప్పుల చరిత్ర కూడా చెప్పాలి. ఒక్కటి కూడా మా ఊరి పిల్లలు ఆడి గెలిచింది కాదు. ఎక్కడి నుంచో ఆటగాళ్ళను వ్యానులో దింపి, మా ఊరి పేరున్న బనియన్లు తొడిగి, గెలిస్తే ఊరేగింపు చేస్తారు. ఒక వేసవి ఫైనల్లో పక్క ఊరి వాళ్ళతో పోటీ పడింది. వాళ్ళూ కిరాయి వాళ్ళనే తెచ్చారు. తీరా చూస్తే రెండు జట్లూ ఒకే హాస్టలు కుర్రాళ్ళు! వాళ్ళు ఒకర్నొకరు ముద్దు పేర్లతో పిలుచుకుంటూ మెల్లగా తోసుకుంటుంటే, ఊరి పరువు పోయిందని ఈ రెండు ఊళ్ళ వీరులు కర్రలు అందుకున్నారు. తలలు పగిలాయి, పోలీసులొచ్చారు. ఆటగాళ్ళు వ్యానులో కూర్చుని బిర్యానీ తిన్నారు. మాస్టారు ఆ రభస మధ్యలో ఈల జేబులో పెట్టుకుని మా దగ్గరకొచ్చి, “చూడండమ్మా, ఆ కొట్టుకునేటోళ్ళలో ఒక్కడన్నా ఆడినోడున్నాడా?” అన్నారు.

ఇలాంటి కమిటీకి రెండేళ్ళ కిందట మా కోర్టు మీద కన్ను పడింది. రోడ్డు పక్క స్థలం, షాపుల కాంప్లెక్స్ కట్టాలట. మాస్టారు మోకాళ్ళ నొప్పులతోనే ఆఫీసుల చుట్టూ తిరిగి ఆపుతూ వచ్చారు. కొలవడానికి వచ్చిన మిల్లు పెద్దాయన బూటు గీత మీద పడితే, ఆయనకూ ఈల ఊదారు. ఆ కోర్టు పోతే మా అమ్మాయి వాళ్ళకు ఆడుకోవడానికి ఇంకో జానెడు నేల లేదు. మగపిల్లలైతే ఏ చేలోనైనా ఆడతారు. ఆడపిల్లలను ఊరి బయటకు ఎవరు పంపుతారు?

ఆదివారం చర్చి నుంచి సమాధుల దొడ్డికి ఆయన్ను చేర్చాం. ఆ సాయంత్రమే కమిటీ వాళ్ళు సంతాప సభ పెట్టారు. ఎక్కడో కాదు, మా కోర్టు మీద. పిల్లలు మామూలుగానే వచ్చి నేల తడిపి వెళ్ళాక, ఆ తడి మీదే షామియానా వేసి కుర్చీలు పరిచారు. కుర్చీలు దిగబడి పెద్దలంతా ఒక పక్కకు ఒరిగారు. మాస్టారి ఫొటో పక్కన పెట్టడానికి ఏదైనా కప్పు తెమ్మన్నారు. అద్దాల బీరువాలోవి ఆయనవి కావని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మా కప్పు ఎక్కడుందో అడిగారు. ఎవరం చెప్పలేదు.

మిల్లు పెద్దాయన మైకు అందుకుని, తనకు కబడ్డీ నేర్పింది మాస్టారేనని చెప్పాడు. తొడ కూడా చరుచుకున్నాడు. చివరకు, “ఆ మహానుభావుడి పేరు కలకాలం నిలిచేటట్టు, ఈ స్థలంలోనే ఆయన పేరు మీద కాంప్లెక్స్ కడతన్నాం” అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బతికుండగా ఆయన్ను దాటలేక, చచ్చాక ఆయన పేరునే అడ్డం పెట్టుకుని వస్తున్నారు.

పెద్దాయన కూర్చునే సరికి ఐదయింది. షామియానా చివర్నుంచి మా అమ్మాయి, దాని వెనక జట్టు పిల్లలు బకెట్‌తో వచ్చారు. మా అమ్మాయి చేతిలో కప్పు. సున్నం పట్టి, అంచు సొట్టపోయి, ఏ బీరువాకూ పనికిరాని కప్పు. మా అమ్మాయి వంగి గీత పోయడం మొదలుపెట్టింది. వెనక వరసల్లో ఉన్న మేం, ఒకప్పటి జట్టు వాళ్ళం, గీత దగ్గరకు రాగానే మా కుర్చీలు మేమే తీసుకుని లేచాం. గీత ముందుకు పోతూ మొదటి వరసకు చేరింది.

“తాతా, లెగండి. గీత మీద కూర్చున్నారు” అంది మా అమ్మాయి.

“ఏందమ్మాయ్ ఇది? సభ జరుగుతుంటే కనపడటంలా?”

“ఐదయింది తాతా. ఆట టైము.”

పెద్దాయన మా వైపు చూశాడు. మేం అందరం నిలబడే ఉన్నాం. మా అమ్మ కూడా, చేతికర్ర మీద. ఆయన లేచాడు. “రేపు మాట్లాడదాం” అని గొణుక్కుంటూ పంచె ఎత్తిపట్టి, గీత తొక్కకుండా జాగ్రత్తగా దాటి వెళ్ళాడు. జీవితంలో మాస్టారి మాట విన్నది అదే మొదలు.

కుర్చీ తీస్తే తడి నేలలో దాని కాళ్ళు దిగిన గుంటలు ఉన్నాయి. మా అమ్మాయి వాటిని పూడ్చలేదు. వాటి మీదుగానే సున్నం పోసుకుంటూ అవతలి మూల దాకా పోయింది. గుంటలు నిండి తెల్లగా మెరిశాయి, గీత తిన్నగా సాగింది.